పగిలిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను మార్చడం ఎలా? పాత టర్బో డీజిల్ బండ్లు ఉన్నవారికి

పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయగానే బానెట్ కింద టపటపమని ఒక చప్పుడు వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు వేగం పెరుగుతుంది. నాలుగైదు కిలోమీటర్లు నడిచాక తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. చాలామంది దీన్ని ట్యాపెట్ శబ్దం అనుకొని వాల్వులు సెట్ చేయిస్తారు, లేదా ఇంజెక్టర్లు విప్పిస్తారు. డబ్బు పోతుంది కాని చప్పుడు పోదు. వేడెక్కాక తగ్గే చప్పుడు వినిపిస్తే ముందుగా చూడవలసింది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను, అంటే సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒక్క దారిలోకి చేర్చే భాగాన్ని. వేడికి లోహం వ్యాకోచించి పగులు అంచులు దగ్గరవుతాయి, అందుకే శబ్దం తగ్గుతుంది. పగులు మాత్రం అలాగే ఉంటుంది, రోజురోజుకూ పెరుగుతుంది.

మొదటి తరం స్కార్పియో, బొలెరో, సుమో, సఫారీ లాంటి పాత టర్బో డీజిల్ బండ్లను మనసులో పెట్టుకొని ఇది రాస్తున్నాను. వీటిలో ఇంజిన్ ముందు నుంచి వెనక్కి నిలువుగా ఉంటుంది, కనుక మానిఫోల్డ్ ఒక పక్కకు వచ్చి చేయి పెట్టడానికి కొంత చోటు దొరుకుతుంది. స్విఫ్ట్, ఇండికా లాంటి కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. పని వరస అదే, కాని చోటు ఇరుకు. పెట్రోలు టర్బో కారైనా పద్ధతి మారదు, వేడి మాత్రం ఇంకా ఎక్కువ. ఇంతకు ముందు సైలెన్సర్ పైపు, వాటర్ పంపు లాంటివి విప్పి బిగించినవారు ఈ పని ఇంట్లో చేసుకోగలరు. మొదటిసారి పానా పట్టేవారైతే పక్కన అనుభవం ఉన్న మనిషిని పెట్టుకోండి.

ముందు కారణం తెలుసుకోండి

కొత్త మానిఫోల్డ్ బిగించిన ఏడాదికే అది కూడా పగిలిన బండ్లు ఎన్నో కనిపిస్తాయి. మొదటిది ఎందుకు పగిలిందో ఎవరూ చూడకపోవడమే అందుకు కారణం. అందుకే విప్పడానికి ముందు కారణం గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మానిఫోల్డ్ పోత ఇనుముతో చేసినది. పోత ఇనుము ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 11 మైక్రాన్లు పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అది బిగించి ఉన్న సిలిండర్ హెడ్ అల్యూమినియందైతే డిగ్రీకి దానికి రెట్టింపు సాగే గుణం ఉంది, కాని లోపల నీరు తిరుగుతూ ఉండటం వల్ల అది 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే అదే పొడవులో అర మిల్లీమీటరుకు కాస్త పైన మాత్రమే సాగుతుంది. ఈ రెండింటి మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా ఉంది. ఇంజిన్ వేడెక్కిన ప్రతిసారీ మానిఫోల్డ్ హెడ్ మీద రెండు చివరల వైపూ కలిపి ఆ మేరకు జరగాలి, చల్లారినప్పుడు వెనక్కి రావాలి.

తయారీదారులు దీనికి ఏర్పాటు చేసే ఉంచారు. చాలా మానిఫోల్డుల్లో మధ్య రంధ్రాలు స్టడ్‌కు (హెడ్‌లోకి బిగించి ఉండే తల లేని బోల్టుకు) సరిపడా ఉంటాయి, చివరి రంధ్రాలు కాస్త పెద్దవిగానో కోలగానో ఉంటాయి. ఆ ఖాళీలో తుప్పు పేరుకుపోయినా, ఎవరైనా చేతి బలం చూపించి నట్లను అతిగా బిగించినా, హెడ్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే ప్యాకింగుకు సీలెంట్ పూసి అతికించినా మానిఫోల్డ్ జరగలేదు. వేడిలో సాగే వీలు లేక లోపలే నలుగుతుంది, చల్లారేటప్పుడు లాగినట్టయి పగులుతుంది. పగలకపోతే చివరి స్టడ్‌ను విరిచేస్తుంది. చివరి స్టడ్లే ముందుగా విరగడానికి కారణం కదలిక అక్కడే ఎక్కువ కావడం.

రెండో కారణం బరువు. పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో మొత్తం మానిఫోల్డ్‌కు వేలాడుతూ ఉంటుంది. దాని కింద పొగను కిందికి తీసుకుపోయే డౌన్ పైపు, ఆ వెనక సైలెన్సర్. టర్బో కింద ఇంజిన్ బ్లాకుకు కలిపే ఒక ఆధారపు పట్టీ, పైపును గేర్ బాక్సుకు కలిపే క్లాంపు చాలా బండ్లలో ఉంటాయి. ఎప్పుడో క్లచ్ పనికి విప్పినవారు వాటిని తిరిగి పెట్టకుండా వదిలేస్తే, గతుకుల రోడ్డు మీద ఆ బరువంతా మానిఫోల్డ్ మెడ మీద ఊగుతుంది. అరిగిపోయిన ఇంజిన్ మౌంటింగులు, బిగుసుకుపోయిన బెల్లోస్ గొట్టం (పైపు మధ్యలో వంగే ముడతల గొట్టం) కూడా ఇదే పని చేస్తాయి.

మూడోది మన దగ్గర మరీ ఎక్కువ. వేడి ఇంజిన్ మీద వాటర్ సర్వీసింగ్ చేయించడం. దూరం నుంచి వచ్చిన బండిని నేరుగా ర్యాంపు ఎక్కించి బానెట్ తెరిచి నీళ్లు కొడితే, కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉన్న పోత ఇనుము ఒక పక్కన హఠాత్తుగా కుంచించుకుపోతుంది. ఇంజిన్ గంటసేపైనా చల్లారాకే కడిగించండి. లాగుడు పెరుగుతుందని పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పోయించడం నాలుగో కారణం. నల్లటి పొగ కక్కే డీజిల్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వేడి మామూలు కంటే చాలా పైకి పోతుంది.

మీ బండిలో వీటిలో ఏది జరిగిందో పని మొదలుపెట్టే ముందే కాగితం మీద రాసుకోండి. పని ముగిసేలోగా అది సరి కావాలి.

పగులేనా, ప్యాకింగా?

రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే ఈ పరీక్ష చేయాలి. బండిని ఆరుబయట పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపవద్దు. కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. ఇదే కారణంతో పగిలిన మానిఫోల్డ్‌తో అద్దాలు మూసి, ఫ్యాను పెట్టుకొని దూర ప్రయాణాలు చేయవద్దు. క్యాబిన్‌లోకి గాలి తీసుకునే మార్గం బానెట్ వెనకే ఉంటుంది.

వేడి కవచం రేకు విప్పి టార్చి వేసి చూడండి. పొగ కారే చోట నల్లటి మసి గీత ఉంటుంది. హెడ్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య అంచున మసి ఉంటే ప్యాకింగు పోయింది, లేదా ఆ పక్క స్టడ్ విరిగింది. రెండు గొట్టాలు కలిసే మడతలో, టర్బో కూర్చునే ఫ్లాంజి (బిగించే చదునైన అంచు) చుట్టూ, ఈజీఆర్ పైపు (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే గొట్టం) తగిలే చోట మసి ఉంటే పగులును అనుమానించండి. తరువాత ఇంజిన్ స్టార్ట్ చేసి, సహాయకుడిని ముతక గుడ్డతో సైలెన్సర్ చివర కొద్ది క్షణాలు పాక్షికంగా అడ్డుపెట్టమనండి. లోపల ఒత్తిడి పెరిగి చప్పుడు స్పష్టమవుతుంది. చేతిని దగ్గరగా పెడితే గాలి తగులుతుంది, లోహాన్ని మాత్రం ముట్టుకోవద్దు. మొదటి రెండు నిమిషాలలోనే ఈ పని ముగించాలి.

ఇంకా తేలకపోతే ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, బ్లోయర్‌తో సైలెన్సర్ చివర నుంచి గాలి ఎక్కిస్తూ మానిఫోల్డ్ మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు వచ్చిన చోటే లోపం.

టర్బో బండికి ఈ కారడం వల్ల చప్పుడుతో పాటు ఇంకో నష్టం ఉంది. టర్బైన్‌ను తిప్పవలసిన వాయువు బయటికి పోతుంది. టర్బో ఆలస్యంగా అందుకుంటుంది, గాలి తక్కువై డీజిల్ సరిగా మండదు, ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తుంది, మైలేజీ తగ్గుతుంది. ఈ లక్షణాలు చూసి టర్బోనే పోయిందని కొత్తది కొన్నవారు ఉన్నారు.

వెల్డింగ్ చేయిస్తే సరిపోదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పోత ఇనుముకు వెల్డింగ్ సాధ్యమే. పగులు రెండు కొనల్లో చిన్న రంధ్రం వేసి, పగులును వి ఆకారంలో చెక్కి, మానిఫోల్డ్ మొత్తాన్ని వేడి చేసి, నికెల్ రాడ్‌తో కొంచెం కొంచెంగా అతికి, ప్రతి అతుకునూ చిన్న సుత్తితో తట్టి, చివరకు పొడి ఇసుకలోనో బూడిదలోనో పూడ్చి రాత్రంతా మెల్లగా చల్లార్చాలి. ఇలా చేసే వెల్డర్ దొరికితే, కొత్త మానిఫోల్డ్ ఎక్కడా దొరకని బండికి అది మంచి దారే. కాని మామూలు రాడ్‌తో బండి మీదే పది నిమిషాల్లో వేసే అతుకు వద్దు. అది పక్కనే మళ్లీ పగులుతుంది. అంతకంటే ప్రమాదం, ఊడిన వెల్డింగ్ ముక్క వాయువుతో పాటు టర్బోలోకి పోయి టర్బైన్ రెక్కలను కొట్టేస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటే చక్రానికి చిన్న ముక్క తగిలినా చాలు. పేస్టులు, రెండు ముద్దలు కలిపి పూసే సీలెంట్ల గురించి ఆలోచించనే వద్దు. టర్బోకు ముందున్న భాగంలోని వేడికీ ఒత్తిడికీ అవి నిలవవు.

కొనవలసినవి

కొత్త మానిఫోల్డ్ కంపెనీ విడిభాగాల దుకాణంలో దొరికితే అదే తీసుకోండి. పాత మోడళ్లకు దొరకనప్పుడు విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వాడినది వెతకవలసి వస్తుంది. వాడినది కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. వైరు బ్రష్షుతో మసి గీకి, కిరోసిన్ పూసి పదిహేను నిమిషాలు ఉంచండి. పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, చాక్‌పీసు పొడి రుద్దండి. కంటికి కనిపించని పగులు ఉంటే దానిలో దాక్కున్న కిరోసిన్ పైకి ఊరి తెల్లటి పొడి మీద తడి గీత గీస్తుంది. దుకాణంలోనే చేయగల పరీక్ష ఇది. ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు.

మానిఫోల్డ్‌తో పాటు హెడ్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ప్యాకింగు, టర్బో ప్యాకింగు, డౌన్ పైపు ప్యాకింగు, ఈజీఆర్ ప్యాకింగు, టర్బో ఆయిలు తిరిగి దిగే గొట్టం ప్యాకింగు, ఆయిలు గొట్టాల రాగి వాషర్లు తెచ్చుకోండి. స్టడ్లు, నట్లు మొత్తం సెట్టుగా కొత్తవి కావాలి. ఇక్కడ పొదుపు చేయవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. వందల సార్లు వేడెక్కి చల్లారిన పాత స్టడ్ అప్పటికే సాగి ఉంటుంది. మామూలు హార్డ్‌వేర్ దుకాణపు బోల్టులు ఆ వేడికి మెత్తబడతాయి.

పనిముట్లలో తప్పనిసరివి ఆరు పలకల సాకెట్లు, పొడుగు ఎక్స్‌టెన్షన్, టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే పానా), ఫీలర్ గేజి (సన్నని సందులను కొలిచే రేకులు), నిటారుగా ఉన్న ఉక్కు స్కేలు, తుప్పు వదిలించే నూనె. పన్నెండు పలకల సాకెట్ తుప్పు పట్టిన నట్టు మూలలను తినేస్తుంది, దాన్ని పక్కన పెట్టండి.

విప్పడం

పనికి ముందు రోజు సాయంత్రమే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ప్రతి నట్టు మొదలుకూ తుప్పు నూనె పట్టించండి. పడుకునే ముందు ఇంకోసారి, పొద్దున్న మళ్లీ ఒకసారి. ఈ ఓపిక మీకు సగం రోజును మిగులుస్తుంది.

మరుసటి రోజు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. టర్బోకు నీటి గొట్టాలు ఉన్నా, ఈజీఆర్ కూలర్ అడ్డుగా ఉన్నా రేడియేటర్ నీటిని కొంత దించండి. ఇంటర్‌కూలర్‌కు పోయే గాలి గొట్టాలు, ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పే ముందు ఫోనుతో ఫొటోలు తీయండి. గొట్టం ఊడిన ప్రతి రంధ్రానికీ వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కండి లేదా టేపు వేయండి. టర్బో గాలి నోట్లోకి జారిన ఒక చిన్న వాషర్ మానిఫోల్డ్ కంటే పెద్ద ఖర్చు తెస్తుంది.

కింద డౌన్ పైపు నట్లు విప్పండి. బండి కిందకు దూరాలంటే జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు, స్టాండ్లు వేసి చక్రాలకు రాళ్లు పెట్టండి. పైపును వేలాడనివ్వకుండా తాడుతో కట్టండి, లేకపోతే బెల్లోస్ చిరుగుతుంది. టర్బో ఆధారపు పట్టీ విప్పండి. అది లేకపోతే మీ కారణం అక్కడే దొరికింది. తరువాత పై నుంచి వచ్చే ఆయిలు గొట్టం, కింద నుంచి దిగే గొట్టం. రెంటి చుట్టూ మట్టి ముందే తుడిచి అప్పుడు విప్పండి.

చోటు ఉంటే టర్బోను మానిఫోల్డ్‌తో కలిపే బయటికి తీయడం మేలు. టర్బోకూ మానిఫోల్డ్‌కూ మధ్య నట్లు బల్ల మీద పెట్టుకొని వైస్‌లో పట్టించి విప్పడం సులువు. బరువు చాలానే ఉంటుంది, ఇంకొకరి చేయి సాయం తీసుకోండి.

మానిఫోల్డ్ నట్లను చివరల నుంచి మధ్యకు వదులు చేయండి. కదలని నట్టును మొదట కొద్దిగా బిగించే వైపు తిప్పి చూడండి. తుప్పు పట్టు వదిలిన చిన్న శబ్దం వస్తుంది, అప్పుడు వెనక్కి తిప్పండి. పావు చుట్టు విప్పి, మళ్లీ కాస్త బిగించి, నూనె వేసి, మళ్లీ విప్పుతూ పోవాలి. అప్పటికీ రాకపోతే నట్టును మాత్రమే గ్యాస్ టార్చితో ఎర్రబడేదాకా వేడి చేసి, కాస్త ఆగి తిప్పండి. టార్చి వెలిగించే ముందు డీజిల్ గొట్టాలు, వైర్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి, వేసిన తుప్పు నూనెను తుడిచేయండి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకోండి. ఈ మూడూ కుదరని చోట టార్చి వద్దు.

స్టడ్ విరిగితే

పాత బండిలో కనీసం ఒకటి విరుగుతుందని మనసులో అనుకొనే పనిలో దిగండి. కంగారు పడవద్దు, దీనికి వరసగా దారులు ఉన్నాయి.

స్టడ్ కొంచెం బయటికి ఉంటే, దాని మీద ఒక నట్టు తొడిగి నట్టు లోపలి నుంచి స్టడ్‌కు వెల్డింగ్ వేయించండి. ఆ వేడే తుప్పును వదిలిస్తుంది. పూర్తిగా ఎర్రదనం పోయాక నట్టును ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడిస్తూ తిప్పితే చాలా వరకు వచ్చేస్తుంది. అల్యూమినియం హెడ్‌లో ఇనుప స్టడ్‌కు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

హెడ్ మట్టానికి విరిగితే డ్రిల్లు చేయాలి. సెంటర్ పంచితో సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, సన్నని బిట్‌తో మొదలుపెట్టండి. ఎడమ వైపు తిరిగే బిట్లు దొరికితే తెచ్చుకోండి, డ్రిల్లు చేస్తుండగానే స్టడ్ ఊడి వచ్చే అవకాశం ఉంది. ఉక్కు స్టడ్ కంటే చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తన. బిట్ కాస్త పక్కకు జరిగినా అది హెడ్‌నే తినడం మొదలుపెడుతుంది. రంధ్రం పక్కకు పోయిందని అనిపించిన క్షణంలో ఆపి లేత్ వర్క్‌షాపు మనిషిని పిలవండి. పాడైన మరలకు హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) వేస్తే మళ్లీ గట్టిగా కూర్చుంటాయి. విరిగిన స్టడ్‌ను లోపలి నుంచి పట్టి తీసే ఈజీ అవుట్‌ను మాత్రం బలంగా తిప్పకండి. అది స్టడ్ లోపల విరిగితే దాని ఉక్కును మామూలు బిట్ కోయలేదు.

మిగిలిన పాత స్టడ్లను రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టు పట్టుకొని విప్పండి. రంధ్రాల మరలను సరైన ట్యాప్‌తో చేత్తోనే శుభ్రం చేసి గాలి కొట్టండి.

తలం చూడటం

హెడ్ మీద పాత ప్యాకింగు ముక్కలను అల్యూమినియం గీసుకుపోకుండా ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి. గ్రైండర్‌కు బ్రష్షు తగిలించి రుద్దవద్దు, తలం గుంటలు పడుతుంది. ఎగ్జాస్ట్ రంధ్రాలలో గుడ్డలు పెట్టే పని చేయండి, చివరకు వాటిని లెక్కపెట్టి తీయండి.

ఇప్పుడు ఉక్కు స్కేలును హెడ్ తలం మీద పొడవుగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజి దూర్చి చూడండి. కొత్త మానిఫోల్డ్‌కూ, ముఖ్యంగా వాడిన మానిఫోల్డ్‌కూ ఇదే పరీక్ష. మాన్యువల్‌లో హద్దు ఇచ్చి ఉంటే అదే ప్రమాణం. లేకపోతే 0.2 మిల్లీమీటర్ల గేజి దూరిన మానిఫోల్డ్‌ను సర్ఫేస్ గ్రైండింగ్‌కు పంపమని నా సలహా. ఖర్చు తక్కువ, ప్యాకింగు ఆయుష్షు ఎక్కువ. వంగిన తలాన్ని నట్ల బలంతో లాగి కూర్చోబెడితే బిగించిన రోజునే కొత్త పగులుకు పునాది వేసినట్టు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రంధ్రాలు, టర్బో ఫ్లాంజి, ఈజీఆర్ మార్గం, సెన్సర్ రంధ్రాలు సరిపోల్చండి. ఒకే బండికి వేర్వేరు సంవత్సరాలలో వేర్వేరు మానిఫోల్డులు వచ్చి ఉండవచ్చు. చివరి రంధ్రాలలో కొత్త స్టడ్ చుట్టూ ఖాళీ ఉందో లేదో తప్పక చూడండి. కొన్ని చవక రకం కాస్టింగులలో అన్ని రంధ్రాలూ ఒకే కొలతలో ఉంటాయి. అసలు మానిఫోల్డ్‌లో చివరివి పెద్దవై ఉంటే, కొత్తదానిలో కూడా లేత్‌లో ఆ మేరకు పెద్దవి చేయించండి. లోపల పోత ఇసుక రేణువులు, మిగిలిపోయిన లోహపు పలుకులు ఉంటే గీకి, గాలి కొట్టి, వేలితో తడిమి చూడండి. అవన్నీ పోయేది టర్బోలోకే.

టర్బో బయట ఉండగానే దాన్నీ చూడండి. ఇరుసును పక్కలకు కదిపితే కాస్త ఆట ఉండటం సహజం, అది నూనె పొర మీద తేలే బేరింగు. ముందుకూ వెనక్కూ లాగితే ఆట చేతికి దాదాపు తెలియకూడదు. రెక్కలు గోడకు తగిలిన గీతలు ఉంటే టర్బో కూడా మరమ్మతుకు వెళ్లాలి. టర్బైన్ వైపు ఫ్లాంజిలో పగుళ్లు ఉన్నాయేమో కిరోసిన్, చాక్‌పీసు పరీక్షే ఇక్కడా చేయండి.

బిగించడం

కొత్త స్టడ్లను హెడ్‌లోకి చేత్తో తిప్పి, ఆపైన తేలికగా కూర్చోబెట్టండి. హెడ్ వైపు మరలకు, నట్ల వైపు మరలకు వేడికి తట్టుకునే నికెల్ లేదా రాగి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పల్చగా పూయవచ్చు. పూస్తే మరలు జారుడుగా మారి అదే టార్క్‌కు స్టడ్ మీద లాగుడు ఎక్కువవుతుంది, కనుక మాన్యువల్ పొడి మరలకు ఇచ్చిన అంకె కంటే కొంచెం తగ్గించి బిగించండి.

ప్యాకింగును పొడిగానే పెట్టాలి, ఏ సీలెంటూ వద్దు. దాని మీద మానిఫోల్డ్ జారగలగాలి. మెటల్ ప్యాకింగు అయితే ఏ వైపు ఎటు ఉండాలో పాతదాని ఫొటో చూసి పెట్టండి. మానిఫోల్డ్ ఎక్కించి అన్ని నట్లూ వేళ్లతో తిప్పండి. వేళ్లతో తిరగని నట్టు ఉంటే ఆగి కారణం చూడండి.

బిగింపు మధ్య నుంచి మొదలై ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, చివరల వైపు వెళ్లాలి. మొదటి విడతలో సగం టార్క్, రెండో విడతలో పూర్తి టార్క్. మీ ఇంజిన్ మాన్యువల్ అంకె చూడండి. ఒక అంచనాగా 8 మిల్లీమీటర్ల స్టడ్లకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 10 మిల్లీమీటర్లకు 40 నుంచి 50 వరకు ఉంటుంది. పాత మాన్యువళ్లలో కిలోగ్రామ్ మీటర్లలో ఇస్తే 9.8తో గుణించండి. ఇవి చాలా మందికి తక్కువగా అనిపిస్తాయి, ఇంకో పావు చుట్టు తిప్పాలని చేయి లాగుతుంది. తిప్పకండి. మొదట చెప్పిన ఒకటిన్నర మిల్లీమీటర్ల కదలికకు చోటు మిగిల్చేది ఈ అంకెలే.

టర్బోను మానిఫోల్డ్‌కు బిగించాక డౌన్ పైపును ముందు వదులుగా తగిలించండి. ఆధారపు పట్టీని కూడా వదులుగా పెట్టండి. అన్నీ తమంతట తాము సరైన చోట కూర్చున్నాక మొదట ఫ్లాంజి, తరువాత పైపు క్లాంపులు, చివరగా పట్టీ బిగించాలి. పట్టీ రంధ్రం కలవకపోతే పైపును వంచి లాగి బిగించవద్దు, ఆ లాగుడు రోజూ మానిఫోల్డ్ మీదే పడుతుంది. కావాలంటే వాషరు వేసి ఖాళీ పూడ్చండి. పట్టీ పోయిన బండికి కొత్తది తెచ్చి పెట్టేదాకా పని ముగిసినట్టు కాదు. అరిగిన ఇంజిన్ మౌంటింగులు ఉంటే అవీ ఇప్పుడే మార్చండి.

ఆయిలు గొట్టాలకు కొత్త రాగి వాషర్లు వేయండి. ఇక్కడ కూడా సిలికాన్ సీలెంట్ వద్దు. దాని పలుకు ఊడి సన్నని ఆయిలు దారికి అడ్డుపడితే టర్బో బేరింగు నిమిషాల్లో కాలిపోతుంది. పై గొట్టం తగిలించే ముందు ఆ రంధ్రంలో తాజా ఇంజిన్ ఆయిలు కొన్ని చుక్కలు పోసి, చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పండి. మళ్లీ పోయండి, మళ్లీ తిప్పండి. వేడి కవచం రేకులన్నీ తిరిగి పెట్టండి. శబ్దం చేస్తోందని వాటిని పారేసేవారు ఉన్నారు, కాని వైర్లను, బ్రేకు గొట్టాలను ఆ వేడి నుంచి కాపాడేది అవే.

మొదటి స్టార్ట్

రేడియేటర్ నీరు, ఇంజిన్ ఆయిలు మట్టం చూసి బ్యాటరీ కలపండి. ఇంజిన్ వెలగకుండా ముందు స్టార్టర్‌తో తిప్పాలి, టర్బోకు ఆయిలు ఒత్తిడి చేరడానికి. పాత మెకానికల్ పంపు బండిలో పంపు మీద ఉండే స్టాప్ సోలెనాయిడ్ వైరు ఊడదీస్తే డీజిల్ ఆగుతుంది. కంప్యూటర్‌తో డీజిల్ చిమ్మే కామన్ రైల్ బండిలో ఇంధనం ఆపే పద్ధతిని దాని మాన్యువల్‌లో చూసి చేయండి. పది సెకన్లు తిప్పి, అర నిమిషం స్టార్టర్‌కు విశ్రాంతి ఇచ్చి, మళ్లీ తిప్పండి. ఆయిలు దీపం ఆరాక వైరు కలిపి స్టార్ట్ చేయండి.

ఐదు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచండి, యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. మానిఫోల్డ్ మీద అంటిన నూనె, యాంటీ సీజ్ కాలి కాస్త పొగ, వాసన వస్తాయి. పది, పదిహేను నిమిషాల్లో అది తగ్గాలి. ఆయిలు గొట్టాల కీళ్ల దగ్గర తడి ఉందేమో టార్చితో చూడండి. పొగ తగ్గకుండా ఒకే చోట నుంచి వస్తుంటే ఇంజిన్ ఆపండి.

తరువాత పది కిలోమీటర్లు నింపాదిగా నడిపి వచ్చి, బండిని రాత్రంతా చల్లారనివ్వండి. పొద్దున్న చల్లటి ఇంజిన్ మీద, మళ్లీ మధ్య నుంచి చివరలకు, అదే టార్క్‌తో నట్లు సరిచూడండి. కొత్త ప్యాకింగు మొదటి వేడికి కాస్త కుదురుకుంటుంది, కొన్ని నట్లు కొద్దిగా తిరగవచ్చు. మీ మాన్యువల్ రెండోసారి బిగించవద్దని చెబితే మాత్రం దాని మాటే వినండి. వేడి మీద మాత్రం ఎప్పుడూ బిగించవద్దు.

మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఒక వారాంతం వేడి కవచం తీసి అంచుల వెంట మసి గీత వస్తోందా అని చూడండి. అన్ని పక్కలా శుభ్రంగా, ఒకే బూడిద రంగులో ఉంటే ప్యాకింగు కూర్చుంది. ఎక్కడైనా నల్లటి గీత కనిపిస్తే దాని పక్క స్టడ్‌నే ముందు పట్టి చూడండి. శ్రీశైలం ఘాట్ లాంటి ఎత్తు ఎక్కి వచ్చినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఇంజిన్ ఆపండి, బండి కడిగించేవారికి బానెట్ తెరవవద్దని ముందే చెప్పండి.